నాలుగో భాగం అమరవీరులు

మా బావ రాసిన నవల నాలుగో భాగంలో వచ్చే మంచుకోట యుద్ధంలో నేలకొరిగిన వీరులందరికీ ప్రభుత్వ ఖర్చుతో స్మారకస్తంభం కట్టిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ప్రకటిస్తున్నప్పుడు ఆయన గొంతు గద్గదమైంది. అలాంటి యుద్ధమేదీ జరగలేదన్న చిన్న కారణానికి అమరుల్ని మరిచిపోయే మనిషి కాదాయన.

మా బావ సంగతి కొంచెం చెప్పాలి. మొదట్లో ఆయన రంగుల కంపెనీలో గుమస్తా. కొత్త రంగులకి పేర్లు పెట్టే పని అప్పజెప్పారు. 'రాణిగారి కోపం', 'రెక్కల గుర్రం నీడ' అని పెట్టుకుంటూ పోయాడు. గోడలకి వేసుకునేవాళ్లు జడుసుకున్నారు, ఉద్యోగం ఊడింది. ఆ పేర్లన్నీ వృథా పోకుండా మాయారాజ్యం నవల మొదలుపెట్టాడు. ఇప్పుడు కుర్రాళ్లు ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. ఆ కుర్రాళ్లకి ఈసారే కొత్తగా ఓటొచ్చింది. మంత్రిగారి సాహిత్యాభిమానానికీ దీనికీ సంబంధం ఉందనేవాళ్లు గిట్టనివాళ్లు.

మంత్రిగారి పి.ఎ. మా ఇంటికొచ్చాడు.

"మొత్తం ఎంతమంది చచ్చిపోయారు సార్?"

"నేను లెక్కపెట్టలేదండీ," అన్నాడు బావ.

"పర్లేదు, మేమూ పెట్టం. కొత్త ముద్రణ రానివ్వండి. అందులో చచ్చిన ప్రతివాడి పేరూ రాతి మీద చెక్కిస్తాం."

ఇది పేపర్లో పడ్డాక ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. ఆవిడ భర్త తాపీమేస్త్రీ. ఊరి చివర వంతెన కడుతుంటే అది కూలి, దాని కింద పడి చనిపోయాడు. కూలిందని మనబోటివాళ్లం అనుకుంటాం. మంత్రిగారు నిండుసభలో సందేహం తీర్చేశారు. ప్రారంభోత్సవం జరగనిది వంతెన కాదు, లేని వంతెన కూలదు, కూలని వంతెన కింద మనుషులుండరు. ఇంత సూటిగా ఆలోచించేవాళ్లు ఈ రోజుల్లో అరుదు. మరి కనపడని మేస్త్రీలేమయ్యారంటే, పని ఎగ్గొట్టి పారిపోయారని కాంట్రాక్టరు చెప్పాడు.

"మా ఆయన్ని మీ పుస్తకంలో చంపెయ్యండి బాబూ," అందావిడ.

బావ కంగారుపడ్డాడు. "అక్కడ కత్తి పట్టుకుని యుద్ధం చేసి చావాలమ్మా."

"నేర్చుకుంటాడండీ. ఏ పనైనా తొందరగా పట్టుకునే మనిషి."

"డబ్బేమన్నా ఇస్తారనుకుంటున్నావేమో. ఒట్టి పేరే చెక్కేది."

"ఆ పేరే కావాలండీ. బళ్లో దీన్ని పారిపోయినోడి కూతురంటున్నారు. నాన్న పేరు రాతి మీదుంటే నలుగురికీ చూపించుకుంటుంది."

ఆ పిల్ల ముఖంలోకి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

మా బావ కళకు కట్టుబడ్డ మనిషి. పబ్లిషర్ అడిగాడని చచ్చిన రాణిని రెండుసార్లు బతికించాడు గానీ, దారినపోయేవాళ్లు చెప్పారని అక్షరం మార్చి ఎరగడు. కుదరదని చెప్పబోతుంటే మా అక్క కల్పించుకుంది.

"నాలుగు భాగాల్లో అన్ని కోటలు లేపారు. ఒక్క తాపీమేస్త్రీ కనపడడు. ఎవరు కట్టారండీ అవన్నీ?"

బావ లేచాడు. లోపలికెళ్లి తలుపేసుకుని ఒక్క పేజీ రాసుకొచ్చాడు. కూలిపోతున్న వంతెనని, సైన్యమంతా దాటేదాకా ఒక మేస్త్రీ భుజాన మోసి, దాని కిందే ప్రాణం విడుస్తాడు. చదివి నేను ఏడ్చాను. ప్రూఫులు దిద్దేవాణ్ణి, చదివిందానికల్లా ఏడుస్తూ కూర్చునే రకం కాదు.

పి.ఎ. కూడా చదివాడు. "బ్రహ్మాండం సార్. వంతెన ఒక్కటి తీసెయ్యండి. సెన్సిటివ్."

బావ వంతెన తీసేసి కోటగోడ పెట్టాడు.

"గోడల టెండర్లు కూడా మావే సార్."

"పైకప్పు?"

"స్కూళ్ల పైకప్పుల గొడవ ఇప్పుడెందుకు సార్?"

"పోనీ, జ్వరమొచ్చి పోతాడు," అన్నాడు బావ నీరసంగా.

"ఆరోగ్యశాఖ కూడా మంత్రిగారే చూస్తున్నారు."

చివరికి డ్రాగన్ నిప్పు ఊది చంపేలా రాశాడు. డ్రాగన్లు ఏ శాఖ కిందికీ రావని ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని మరీ పి.ఎ. ఒప్పుకున్నాడు. ఇంత జాగ్రత్తగా సాహిత్యం చదివే పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

స్తంభం చూస్తుండగానే లేచింది. కట్టింది వంతెన కాంట్రాక్టరే. ఆవిష్కరణ నాడు కుర్రాళ్లు అట్టకిరీటాలు పెట్టుకుని వేలల్లో వచ్చారు. రాతి మీద సేనాధిపతుల పేర్ల కింద, అన్నిటికన్నా చివర్న, మేస్త్రీ పేరు ఉంది. ఆ పిల్ల అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతోంది.

అమరవీరుడి కుటుంబం వచ్చిందని పి.ఎ. చెవిలో చెప్పగానే మంత్రిగారు మైకు చేతపట్టుకునే దిగి వచ్చారు. ఫొటోగ్రాఫర్లు చుట్టూ మూగారు.

"ఎవరమ్మా నీకు ఈ వీరుడు?"

"మా ఆయనండీ."

"ఎలా పోయాడు తల్లీ?"

మైకు ఆవిడ నోటి దగ్గరే ఉంది. పి.ఎ. ముఖం పాలిపోయింది. బావ నేల చూపులు చూస్తున్నాడు. చెప్పెయ్యమ్మా, చెప్పెయ్యి అని నేను మనసులో మొక్కుకున్నాను. ఆవిడ రాతి మీదున్న కూతురి వేలి వైపు చూసింది.

"డ్రాగన్ అండీ," అంది.

మంత్రిగారు కళ్లు ఒత్తుకున్నారు. "అయ్యో పాపం. చాలా బాధపడ్డాడా?"

"లేదండీ," అందావిడ మా బావని చూపిస్తూ. "ఈ బాబు నొప్పి తెలియకుండా రాశారు."