నీళ్లు పడని రోబోలు

మున్సిపాలిటీ మురుగు విభాగంలో పనిచేస్తున్న మూడువందల అరవై రోబోలు సోమవారం పొద్దున్నే తమకు నీళ్లు పడవని మెడికల్ సర్టిఫికెట్లు పెట్టాయి. కమిషనర్ గారు తిరగేసి చూసి, సంతకాలు సరిగ్గానే ఉన్నాయని సిక్ లీవు మంజూరు చేశారు.

ఒక్కో రోబో అగ్గిపెట్టెంత ఉంటుంది. గుంపుగా మ్యాన్‌హోల్లో దిగి పూడిక తియ్యడం వాటి ఉద్యోగం. అవి కుదురుకుంటే, పదిహేడేళ్లుగా ఆ గోతుల్లో దిగుతున్న ఎలీషాను పార్కులో మొక్కలకు నీళ్లు పెట్టే పనికి మారుస్తామని మాటిచ్చారు. ఎలీషా ఓసారి పార్కుకు వెళ్లి మొక్కల్ని పలకరించి కూడా వచ్చాడు.

మొదటి రకం సర్క్యూట్ బోర్డుతో రోబోలు నోరెత్తకుండా దిగాయి, బురదలో కూరుకుపోయాయి. బోర్డు మెరుగుపరిచే బాధ్యత ఇంజినీరు హైమవతిగారి మీద పడింది. ఆవిడ ఎలీషాను పిలిచి అడిగారు.

"నువ్వెలా దిగుతావయ్యా?"

"మూత తీసి చూత్తానండి. బొద్దింకలు తిరుగుతుంటే గ్యాసు లేనట్టు. ఎల్లకిలా పడుంటే ఉన్నట్టు."

"ఉంటే?"

"కాసేపాగి దిగుతానండి. మేస్త్రీ ఊరుకోడుగా."

ఇందులో మొదటి మాటే ఆవిడ రాసుకున్నారు. రెండో రకం బోర్డుకు గ్యాసు పసిగట్టే సెన్సారు పెట్టారు. మూడో రకానికి, ఒకదానికి తెలిసింది క్షణంలో అన్నిటికీ తెలిసేలా రేడియో పెట్టారు. ఆదివారం పరీక్షలో ఒక రోబో వాసన చూసి ఆగింది. మూడువందల అరవయ్యీ ఆగాయి. తెల్లారేసరికి సర్టిఫికెట్లు.

విచారణ సంఘం వేశారు. సంఘం మిరపకాయ బజ్జీలు తింటూ మూడు గంటలు ఆలోచించి, డిజైన్‌లో లోపం లేదని, తెలివొచ్చిన వస్తువేదీ అందులో దిగదని తేల్చింది. తర్వాత ఎలీషాను పరిశీలించింది. తడిసినా షార్టు కాడు. ఛార్జింగు అక్కర్లేదు, అన్నం వాడే తెచ్చుకుంటాడు. అన్నిటికీ మించి, వాడు ఆగిపోతే పక్కవాడికి కబురందే రేడియో వాడిలో లేదు. ఇంతకన్నా మెరుగైన హార్డ్‌వేర్ దొరకదని సంఘం ఏకగ్రీవంగా రాసింది.

"మరి పార్కో, మేస్త్రిగారూ?" అన్నాడు ఎలీషా.

"రోబోలకి తేలిక పనియ్యమని డాక్టరు రాశాడ్రా. సగం పార్కుకెళ్తాయి, మొక్కలకి నీళ్లు పెడతాయి. సగం గట్టుమీద కూకుని గ్యాసు చూత్తాయి."

"నీళ్లు పడవన్నాయిగా?"

"మంచినీళ్లు పడతాయంట."

మంగళవారం మూత తీశారు. గట్టు మీది రోబోలన్నీ ఒక్కసారిగా ఎర్ర లైట్లు వెలిగించాయి.

"ఎర్రగా ఎలిగితే దిగకూడదంట గదండీ?"

"ఆ రూలు వాటికిరా."

ఎలీషా చొక్కా విప్పి, మడిచి పక్కన పెట్టాడు.

"చూసుకుని దిగరా," అన్నాడు మేస్త్రీ, ఎన్నడూ లేనంత ఆప్యాయంగా. "ఖరీదైనవి, తొక్కేత్తావు."