ఊరికే కూర్చుంటే డెబ్బై ఎనిమిది వాట్లు

ఎంత కరెంటుకు ఎంత పని అని సర్వర్లకు పెట్టే పరీక్షే మనుషులకూ పెట్టాలన్న ఉత్తర్వు ప్రకారం కొలవగా, బోడిమెట్ట కాలనీలో జాకెట్లు కుట్టే గేదెల నీలవేణి 2009 మోడల్ సర్వరుతో సమానమని తేలింది. ఆమె పుట్టింది అంతకు ముప్పై ఏళ్ల ముందు. కాబట్టి మెచ్చుకోదగ్గ ఫలితమేనని విద్యుత్ శాఖ ఇంజనీరు వసుంధర రిజిస్టరులో రాసింది.

ఉత్తర్వులో తప్పు పట్టడానికేమీ లేదు. కాలనీ పక్కనున్న డేటా సెంటర్లోకి కొత్తగా వచ్చే ప్రతి సర్వరూ పాతదానికయ్యే కరెంటులో సగంతోనే ఆ పనంతా చేసేస్తోంది. పదిహేనేళ్లుగా గ్రాఫులో గీత ఎక్కడా తడబడలేదు. ఒకే లైను మీదున్న సర్వరు బాగుపడుతుంటే మనిషి ఎందుకు బాగుపడకూడదన్నది శాఖ సందేహం. ఏడాదిలోగా ఆ గీతను అందుకోని ఇంటికి లైను పీకేస్తారు. అప్పుడు నీలవేణి కుట్టుమిషను మోటారు ఆగుతుంది, దాంతో పాటు ఇల్లూ ఆగుతుంది.

కుట్టేటప్పుడు ఆమెకు వంక పెట్టలేం. చిక్కల్లా ఖాళీగా ఉన్నప్పుడే. ఊరికే కూర్చున్నా మణికట్టుకు కట్టిన మీటరు డెబ్బై ఎనిమిది వాట్లు చూపించింది. వసుంధరకు నిజంగానే కుతూహలం కలిగింది.

“ఊరికే కూర్చుని ఏం చేస్తారండీ?”

“ఏటీ సెయ్యనమ్మా. ఆ మబ్బు ఎటెల్తందో సూత్తాను. మా సెల్లి నవ్వు గుర్తొత్తాది. ఒక్కోపాలి జాకెట్టుకి కొత్త మెడ తడతాది.”

వసుంధర మూడింటినీ విడివిడిగా కొలిచింది. మబ్బుకు ఇరవై, చెల్లెలికి నలభై, మెడకు పద్దెనిమిది. లెక్క సరిపోయింది.

నీలవేణి మొండిది, పైగా భయపడింది. మొదటి నెలలోనే మబ్బును మానేసింది. చెల్లెలిని మానడానికి వానాకాలమంతా పట్టింది. మానిన రోజు ఏడవలేదు, ఏడుపుకు ఎన్ని వాట్లో తెలియదు గనక. ఏడాది తిరిగేసరికి మూడు వాట్లకు దిగింది. లైను నిలబడింది. జాకెట్లన్నీ గుండ్రటి మెడతోనే వస్తున్నాయి గాని ఎవరూ అడగలేదు. అడగడం వాళ్లూ మానేశారు.

సర్టిఫికెట్ ఇవ్వడానికి వసుంధర వచ్చేసరికి కరెంటు లేదు.

“మేమింత పొదుపు సేసినా మద్దేనం కరెంటెందుకు పోతంది మేడమ్?” అన్నాడు నీలవేణి భర్త సింహాచలం.

“ఒక్కో సర్వరు సగమే తింటోంది కదండీ. అందుకని నాలుగింతలు పెట్టారు. మీరు మిగిల్చింది వాటికే వెళ్తోంది.”

“మరి...” అన్నాడు సింహాచలం. ఆ ఒక్క మాటకే అతని మణికట్టు మీద మీటరు కూడా పదకొండు దాటింది.

“ఊరుకో మావా, లైను పోద్ది,” అంది నీలవేణి, అతని వైపు చూడకుండానే.

అతని మీటరు మళ్లీ కిందికి దిగింది. వసుంధర కూడా ఏదో అడగబోయి, తన మణికట్టుకున్న మీటరు వైపు ఒకసారి చూసుకుని, సంతకం పెట్టింది.