తేనెటీగ ముఖం స్పష్టంగా ఉండవలెను

నవంబరు ఒకటో తేదీ నుంచి ఫొటో గుర్తింపు కార్డు లేని తేనెటీగ ఏ పువ్వు మీదా వాలకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ తేదీ నుంచే తేనెటీగలు వాలడం మానేశాయి. ఉత్తర్వు ప్రతిని తేనెపెట్టెల మూతల మీద అతికించారు, అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యలేదు. మనుషులైతే నాలుగు రోజులు సణుక్కునేవారు. తేనెటీగలు పాపం నిబంధన అంటే ప్రాణం పెట్టే జాతి. పువ్వు దాకా వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక్కి వెళ్ళిపోయేవి.

నంద్యాల వైపు పొద్దుతిరుగుడు చేలున్న పల్లెలన్నిటికీ కలిపి ఫొటోలు తీసే పని హుసేన్ పీరాకు వచ్చింది. అంతకు ముందు అతను పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. ఉద్యోగం కాంట్రాక్టుది, లెన్సు మాత్రం సర్కారుది. మొదట్లో మామూలు లెన్సుతో తీసి పంపితే, తెల్ల కాగితం మధ్య ఆవగింజంత చుక్క కనిపించిందని, "ముఖం స్పష్టంగా లేదు" అని మూడు వందల దరఖాస్తులు తిరిగొచ్చాయి. అప్పుడు ఈ లెన్సు ఇచ్చారు. దీనితో తీస్తే ఈగ తల గుమ్మడికాయంత అవుతుంది.

అంత దగ్గరికి వెళ్తే ఒక చిక్కుంది. మీసం కొస స్పష్టంగా ఉంటే కన్ను మసకబారుతుంది, కన్ను కుదిరితే మీసం మాయమవుతుంది. అందుకని వెంట్రుకవాసి జరుపుకుంటూ ముప్పై ఫొటోలు తీసి, అన్నీ కలిపి ఒక్క ముఖం చెయ్యాలి. అంతసేపూ ఈగ కదలకూడదు. కాబట్టి పీరా తెల్లవారుజామునే, మంచుకు ఒళ్ళు బిగిసి ఈగలు కదలలేని వేళ చూసి వెళ్ళేవాడు. ఒక్కొక్క దానికీ చెప్పేవాడు, "భయం లేదమ్మా, ఒక్క నిమిషం. ఊపిరి బిగబట్టు."

అవి బిగబట్టేవి.

దరఖాస్తులో "చెవులు రెండూ కనిపించాలి" అన్న చోట "లేవు" అని రాసేవాడు. తేనెటీగ వేషం వేసుకుని తిరిగే ఈగలు కొన్ని వచ్చేవి. దగ్గరగా చూస్తే నాలుగు రెక్కలకు బదులు రెండే ఉంటాయి, దొరికిపోతాయి. వాటిలో సిఫారసు ఉత్తరం తెచ్చుకున్న వాటికి మాత్రం కార్డులు వెంటనే వచ్చాయి.

పీరాకు ఆ పని నచ్చింది. అబద్ధమెందుకు, ప్రాణంలా నచ్చింది. ఈగ కన్ను తెరమీద పెద్దదైనప్పుడు అందులో వేల గళ్ళు, గళ్ళ మధ్య నూగు, నూగులో చిక్కుకున్న పుప్పొడి రేణువు ఒక్కొక్కటీ పసుపు ముద్దలా మెరుస్తుంటే, అతను ఏదో నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు చూపుతోనే అందులో నెమ్మదిగా నడిచేవాడు. ప్రతి గడిలోనూ ఒక చిన్న పీరా, కెమెరా వెనక వంగి, కనిపించేవాడు.

డిసెంబరు రెండో వారంలో ఓబులమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, రెండెకరాల పొద్దుతిరుగుడు చేను తప్ప మరో ఆధారం లేదు. గట్టు మీద కూచుని, అతను ఫొటో ముగించేదాకా ఓపిగ్గా చూసింది.

"నాయనా పీరా, నా చేను పూత పట్టి నాలుగు దినాలాయ. ఈగలు వస్తాండాయి, తిరుగుతాండాయి, పోతాండాయి. ఒగటన్నా వాల్లే. ఇంగొక వారం ఇట్లే ఉంటే గింజంతా తాలే కదా."

"అప్లై చేసినా అవ్వా, నీ చేని ఈగలన్నిటికీ. కార్డు వచ్చేకి నలభై అయిదు దినాలు పడతాది."

"ఈగ ఎన్ని దినాలు బతుకుతాది?"

పీరా లెన్సు తుడిచాడు. "ఆరు వారాలు."

ఓబులమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "అంటే కార్డు వచ్చేతలికి ఈగ ఉండదు."

"ఉండదు అవ్వా."

"మరి ఎందుకు తీస్తాండావు?"

ముఖాలు బాగుంటాయి అని చెప్పబోయి, పీరా సిగ్గేసి మళ్ళీ లెన్సు తుడిచాడు.

ఓబులమ్మ మర్నాడు తన పాత చీర చింపి, గుడ్డను పువ్వు మీద మెత్తగా రుద్ది, పుప్పొడి అంటిన అదే గుడ్డ పక్క పువ్వుకు రుద్దుతూ చేనంతా తిరగడం మొదలుపెట్టింది. ఈగలు లేనప్పుడు ఆ పక్క రైతులు చేసే పనే అది. సగం సాలు అయ్యేసరికి జీపులో శేషఫణి వచ్చాడు. అతను ముఖాల విభాగం సూపరింటెండెంటు, మర్యాదస్థుడు, ఎవరినీ గద్దించి ఎరగడు.

"అమ్మా, తేనెటీగ పని ఎవరు చేసినా తేనెటీగ కార్డు ఉండాలి. రూలు మనిషని చూడదు, పని చూస్తుంది."

"కార్డు వచ్చేలోపల పూతంతా రాలిపోదా సామీ?"

"సంతకం పెట్టగలిగిన తేనెటీగలకు మూడు రోజుల్లో ఇస్తాం. ఇంతవరకు ఒక్కటీ పెట్టలేదు, అంతే."

ఓబులమ్మ సంతకం పెట్టింది. ఫొటో అదే లెన్సుతో తీయాలి. ఆ లెన్సులో మనిషి ముఖం పట్టదు, కన్ను ఒక్కటే పడుతుంది. పీరా ఆమెను గట్టు మీద కూచోబెట్టాడు. "భయం లేదవ్వా, ఒక్క నిమిషం. ఊపిరి బిగబట్టు." ముప్పై తీసి, కలిపి, తెరమీద చూశాడు.

కంటి నిండా గళ్ళున్నాయి. గళ్ళ మధ్య సన్నని నూగు, నూగులో పుప్పొడి. ప్రతి గడిలోనూ ఒక చిన్న పీరా వంగి ఉన్నాడు. కలపడంలో పొరపాటేమోనని మళ్ళీ ముప్పై తీశాడు. మళ్ళీ అవే గళ్ళు. ఏం చెయ్యాలో తోచక, దరఖాస్తులో ముఖం అన్న చోట "స్పష్టంగా ఉంది" అని రాశాడు.

మూడో రోజుకు కార్డు వచ్చింది. పీరా చదివి వినిపించాడు. పేరు, ఓబులమ్మ. జాతి, తేనెటీగ. తరగతి, శ్రామిక. రెక్కలు, విచారణలో ఉన్నాయి. చెల్లుబాటు, ఆరు వారాలు.

అతను వెంటనే శేషఫణికి ఫోన్ చేశాడు. "సార్, ఆరు వారాల తర్వాత ఆయమ్మ ఏం చెయ్యాల?"

"రెన్యువల్ ఉంటుంది కదయ్యా."

"ఎట్ల చేస్తారు సార్?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "తెలీదు పీరా. ఇంతవరకు రెన్యువల్‌కు ఎవరూ రాలేదు."

పీరా ఆ మాట ఓబులమ్మకు చెప్పాడు. దాచలేకపోయాడు. ఆమె చేను వైపు చూసింది. మళ్ళీ వేళ్ళు మడిచింది.

"గింజ గట్టిపడేకి అయిదు వారాలు చాలు," అంది. "ఇంగొక వారం మిగుల్తాది. కోత కూడా అయిపోతాది లే నాయనా."

కార్డును వక్కాకు సంచిలో దోపుకుని చేలోకి దిగింది. మంచు ఇంకా విడలేదు. పసుపు పూల మధ్య ఆమె తల కాసేపు కనిపించి, తర్వాత గుడ్డ రుద్దే చప్పుడు మాత్రమే, సన్నగా, రొద పెడుతున్నట్టు వినిపించింది. పీరాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని లెన్సు మూత పెట్టబోతుంటే గట్టు మీద అడుగుల చప్పుడైంది.

పక్క చేల ఆడవాళ్ళు, పద్నాలుగు మంది, వరసలో నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ చినిగిన చీర ముక్కలున్నాయి, దరఖాస్తులున్నాయి. చెవులు కనిపించాలని ఎవరో చెప్పినట్టున్నారు, జుట్టు వెనక్కి దువ్వుకుని వచ్చారు.

పీరా లెన్సు సరిచేసుకుని, ముందున్న ఆమెతో మెల్లగా చెప్పాడు, "భయం లేదమ్మా, ఒక్క నిమిషం."

మిగతా మాట అతను చెప్పకముందే పద్నాలుగు మందీ ఊపిరి బిగబట్టారు.