కాసెట్టులో కోట

ఆ ఆదివారం పొద్దున అబ్దుల్ మజీద్ అనుకున్న పని చాలా చిన్నది. తలంటుకుని, రెండు దోసెలు తిని, టీవీ ముందు కూర్చుని, అయిదేళ్ళ కిందట ఒక కోట గుమ్మం దగ్గర వదిలేసి వచ్చిన పనిని పూర్తి చేయాలి. ఆ కోట ఏ ఊళ్ళోనూ లేదు. ఒక కాసెట్టులో ఉంది.

మజీద్ నరసరావుపేటలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. ఎనభై నాలుగులో మాత్రం సాగర్ డ్యాము పక్కన విజయపురి సౌత్‌లో ఉండేవాడు. అక్కడ డ్యాము ఇంజినీరు ఒకాయనకు బావమరిది సింగపూర్ నుంచి కంప్యూటర్ ఒకటి తెచ్చిచ్చాడు. చూడటానికి లావుపాటి పలకలా ఉండేది. ఒక పక్క టీవీకీ, ఇంకో పక్క టేపురికార్డరుకీ తగిలించాలి. తగిలించడానికి మజీద్‌నూ, ఇంగ్లీషు కొట్టడానికి ఆఫీసు టైపిస్టు వెంకటాద్రినీ పిలిపించారు. ఇంజినీరుకు రెండు వారాల్లో విసుగొచ్చింది. వీళ్ళిద్దరికీ రాలేదు.

దాంతో వచ్చింది ఒక్కటే ఆట, అదీ కాసెట్టులో; టేపు తిరిగితే మిషన్లోకి ఎక్కేది. బొమ్మల్లేవు, పాటల్లేవు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. మీరు అడవిలో ఉన్నారు, ఉత్తరాన పాత కోట కనబడుతోంది, ఏం చేస్తారు అని అడిగేవి. రెండే రెండు మాటల్లో జవాబు కొట్టాలి. వెంకటాద్రి చదివి తెలుగులో చెప్పేవాడు. మజీద్ కళ్ళు మూసుకుని ఆ అడవిని చూసేవాడు. పక్కనే కృష్ణ పారుతున్నా ఆ ఆదివారాలన్నీ వాళ్ళు కోట చుట్టూ ఉన్న కందకంలోనే ఈదారు.

చివరికి కోట గుమ్మం చేరారు. అక్కడ ఒక ముసలి కాపలావాడు కూర్చుని ఉన్నాడు. తోస్తే కదలడు. కత్తి తీస్తే నవ్వుతాడు. బంగారం ఇస్తే అక్కర్లేదంటాడు. ఆ చిక్కు విడకముందే ఇంజినీరుకు బదిలీ అయింది. వానకు తడిసి పాడైన ఆ మిషన్నీ, కాసెట్టునీ ఆయన మజీద్‌కే ఇచ్చేసి వెళ్ళిపోయాడు. తర్వాత వెంకటాద్రి నరసరావుపేట కోర్టులో టైపిస్టుగా చేరాడు. జడ్జిగారి తీర్పులు కొడుతూ మధ్యలో ఆ కాపలావాడిని తలుచుకునేవాడు. మజీద్ మాత్రం దొరికిన పార్టల్లా వేస్తూ మిషన్ను మెల్లగా బతికించాడు. అది పూర్తిగా లేచి కూర్చున్నది ఆ వారమే.

మజీద్ తలంటుకుంటుండగా మైకు సెట్టు యల్లమంద వచ్చాడు. ఆ పూట బజారులో నాగభూషణరావు గారి కొత్త బట్టల కొట్టు ప్రారంభం. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో మేళం వాళ్ళు దొరకలేదు. అందుకని సన్నాయి రికార్డు చేసిపెట్టమని మజీద్‌కు ముందే చెప్పి ఉన్నాడు.

"బల్ల మీద కాసెట్టుంది, ఇచ్చెయ్," అని మజీద్ తడికె వెనక నుంచి భార్యకు కేకేశాడు.

బల్ల మీద రెండు కాసెట్లున్నాయి. రెంటి మీదా పేర్లు లేవు. ఒకటి ఊరికే పడి ఉంది. ఇంకొకటి ఉతికిన జేబురుమాలులో పొందిగ్గా చుట్టి ఉంది. పైవాళ్ళకు ఇచ్చేదే కదా ఇంత శ్రద్ధగా చుడతారు అనుకుని, జమీలా రుమాలు విప్పి ఆ కాసెట్టు యల్లమంద చేతిలో పెట్టింది. తర్వాత పక్కింటి హజ్రా బీ దగ్గరికి సీరియల్ చూడ్డానికి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున తమ టీవీని మొగుడూ, ఆయన స్నేహితుడూ ఆక్రమిస్తారని ఆమెకు రాత్రే తెలుసు.

వెంకటాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద మిగిలిన కాసెట్టును మజీద్ టేపురికార్డరులో పెట్టాడు. రుమాలు వెంకటాద్రి విప్పాడనుకున్నాడు. వెంకటాద్రి మజీద్ విప్పాడనుకున్నాడు. బటన్ నొక్కి ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు.

కాసేపటికి ఎక్కడినుంచో కీచుమంటూ ఆ చప్పుడు మొదలైంది. ముందు సన్నగా, ఆ పైన రంపం రేకును కోస్తున్నట్టు గరగరమంటూ. ఆట మిషన్లోకి ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడే అది. విని అయిదేళ్ళయింది.

"వస్తంది," అన్నాడు వెంకటాద్రి.

వైరు తగిలిస్తే టేపురికార్డరు నోరు మూతపడుతుందని మజీద్‌కు తెలుసు. ఆ క్షణాన తెలియలేదు. ఇద్దరూ సాగర్లో ఇంజినీరు గారి వరండాలో కూర్చున్నట్టే ఉంది. చప్పుడు అంతకంతకూ పెరిగింది. ఇది ఇంత గట్టిగా వచ్చేదా అని మజీద్ అడగబోతుండగా ఫట్‌మని టీవీ ఆరిపోయింది. తిరుగుతున్న ఫ్యాను ఆగింది. వీధిలో ఇళ్ళన్నిటిలోంచీ సీరియల్ ఒక్కసారే ఆగిపోయింది.

తమ మిషనే వీధి మొత్తానికి కరెంటు పోగొట్టిందని మజీద్‌కు అర్థమైంది. ఇద్దరూ కలిసి దాని మీద దుప్పటి కప్పేశారు.

బజారులో జరిగింది వేరు. పూజ కాగానే యల్లమంద కాసెట్టు పెట్టి బటన్ నొక్కాడు. సన్నాయికి బదులు ఆ కీచు వచ్చింది. తగ్గిద్దామని కంగారులో తిప్పాల్సిన గుండీ వదిలేసి పక్క గుండీ తిప్పాడు. మైకు చప్పుడు రెట్టింపయింది. మైకును ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభానికే కట్టాడు కాబట్టి, అరుస్తున్నది ట్రాన్స్‌ఫార్మరే అని జనం అనుకున్నారు. టీ తాగుతున్న లైన్‌మన్ ఏలియా గ్లాసు కింద పెట్టి పరుగెత్తి ఫ్యూజులు పీకేశాడు. సీరియల్ మధ్యలో కరెంటు పోయిన జనం ఇళ్ళలోంచి బయటకొచ్చి బజారు నిండా నిలబడ్డారు. నాగభూషణరావు గారు ఎదుటి కొట్టు వాళ్ళ పనేనని చెప్పడం మొదలుపెట్టారు. ఆ కొట్టాయన కూడా మెట్లు దిగాడు.

తన యాంప్లిఫయరు పాడైపోయిందనుకుని యల్లమంద మజీద్ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"మజీదన్నా, తొందరగా రా. రావుగారు మండిపడతన్నాడు. ఏలియా గూడా ఆడనే ఉండాడు."

లైన్‌మన్ పేరు వినగానే మజీద్ దుప్పటి కప్పిన మిషన్ వంక చూశాడు. అప్పుడే వాళ్ళకు తెలిసిపోయిందన్నమాట. తోడొస్తానని వెంకటాద్రి అన్నాడు. కోర్టులో పనిచేసేవాడు కాబట్టి, ముందే ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని దారి పొడుగునా చెబుతూ వచ్చాడు. మజీద్ జనాన్ని తోసుకుని వెళ్ళి, ఎవరూ ఏమీ అడక్కముందే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రావుగారూ, తప్పు నాదే. ఇంట్లో కంప్యూటర్ పెట్టా. దాని దెబ్బకే ఇదంతా అయింది."

బజారంతా మజీద్ వైపు తిరిగింది. కంప్యూటర్ అన్న మాట పేపర్లో చదవడమే గాని, దాన్ని ఇంట్లో పెట్టుకున్న మనిషిని అక్కడెవరూ చూడలేదు. ఎదుటి కొట్టాయన కూడా రెండడుగులు దగ్గరికొచ్చాడు.

నాగభూషణరావు గారి కోపం మధ్యలో ఆగింది. "ఇందాకటి కూత కంప్యూటర్‌దా?" అని నెమ్మదిగా అడిగారు.

ఏ కూత అన్నాడు మజీద్. యల్లమంద నోటితో ఆ కీచును చేసి చూపించాడు. అక్కడ పాడింది తన ఆట కాసెట్టేనని మజీద్‌కు అప్పుడు తెలిసింది. మైకు సెట్టు దగ్గరికి వెళ్ళి కాసెట్టు బయటికి తీశాడు. టేపు నలగలేదు, తెగలేదు. చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈలోగా నాగభూషణరావు గారు జనం వైపు తిరిగి నమస్కారం పెట్టారు. మన కొట్టు ప్రారంభానికి ప్రత్యేకంగా కంప్యూటర్ సంగీతం పెట్టించామనీ, జిల్లాలో ఇంకెక్కడా ఇది జరగలేదనీ, దయచేసి అందరూ లోపలికి రావాలనీ ఏమాత్రం తడబడకుండా చెప్పారు. ఇంటికి పోతే సీరియల్ లేదు గనక జనం లోపలికే వెళ్ళారు. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో చీరలన్నీ బాగానే కనబడ్డాయి. కరెంటు రాగానే ఆ సంగీతం ఇంకోసారి పెట్టాలని రావుగారు పట్టుబట్టారు. అది ఒక పూటకు ఒక్కసారే పాడుతుందని వెంకటాద్రి చెప్పాడు. ప్రమాణం చేయమని అడగలేదు గనక ఆయనకు ఇబ్బంది కలగలేదు.

ఏలియా ఫ్యూజులు వేశాడు. మజీద్, వెంకటాద్రి ఇంటికొచ్చి ఈసారి సరైన కాసెట్టు పెట్టారు. అడవి వచ్చింది, కందకం వచ్చింది, గుమ్మంలో కాపలావాడు వచ్చాడు. వయసు పెరగలేదు. వెంకటాద్రి అయిదేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ కొట్టి చూశాడు. ముసలాయన చలించలేదు.

జమీలా చేటలో బియ్యం ఏరుతూ గడపలో నిలబడి కాసేపు విన్నది.

"ఆ పెద్దాయనకి సలాం చెప్పారా అన్నా?" అంది.

చెప్పలేదన్నాడు వెంకటాద్రి.

"కత్తి చూపిచ్చారు, బంగారం చూపిచ్చారు. గుమ్మంలో పెద్దాయన కూర్చోనుంటే ఎవురన్నా ముందు పలకరిస్తారుగా."

వెంకటాద్రి "హలో గార్డ్" అని కొట్టాడు. కాపలావాడు లేచి నిలబడ్డాడు. నన్ను పలకరించింది మీరొక్కరే, లోపలికి రండి అన్నాడు. తలుపు తెరుచుకుంది. లోపల సింహాసనం, కిరీటం. మీరు గెలిచారు, ఆట ముగిసింది అని ఒక్క వాక్యం వచ్చి, తెర ఖాళీ అయింది.

వెంకటాద్రి లేచి మంచినీళ్ళు తాగాడు. గెలిచినందుకు సంతోషంగానే ఉంది. కాని రేపు కోర్టులో కూర్చుని ఎవరిని తలుచుకోవాలో ఆయనకు తెలియలేదు. మజీద్ వైర్లు ఊడదీయబోయాడు.

"ఉండు, నేను మొదలు చూళ్ళా," అంది జమీలా. చేట మజీద్ చేతికిచ్చి చాప మీద కూర్చుంది. "ఆ అడివిలోనించి అందరూ కోటకే పోవాల్నా? దక్షిణానికి పోతే ఏముందన్నా?"

మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒక్కసారి కూడా దక్షిణానికి వెళ్ళలేదు. ఆట మళ్ళీ మొదటినుంచి పెట్టి వెంకటాద్రి "గో సౌత్" కొట్టాడు. అక్కడ ఒక నది ఉంది. ఒడ్డున పడవ ఉంది. పడవలో ఎవరో నిద్రపోతున్నారు.

"లేపొద్దు," అంది జమీలా. "ముందు పడవలో ఏమేం ఉన్నయ్యో చూడు."

ఆ పూట వంట మజీద్ చేశాడు. పప్పులో ఉప్పు వేయలేదన్న సంగతి తిన్న ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.