ఎర్ర నాడా కట్టిన పుస్తకాలు

ఆ రోజు పొద్దున పుస్తకాలాయన చేతిలో ఉన్న సరుకు ఇదీ: రెండేళ్ళుగా మూసి ఉన్న అద్దె పుస్తకాల షాపు, అందులో చెదలు కూడా ముట్టని ఒక అర నిండా నవలలు, ఆ అర ఖాళీ చేస్తే సాయంత్రమే తాళాలు తీసుకుంటానన్న ఫోన్ల వ్యాపారి. లేదంటే అతగాడు ఎదురు షాపు తీసుకుంటాడు.

"ఈ బేరం కూడా చెడగొట్టారంటే ఇక ఆ పుస్తకాలతోనే కాపురం చేసుకోండి" అని భార్య గుమ్మంలోనే చెప్పి పంపింది.

ఆ అరలో మిగిలిన నవలలన్నీ రాబోయే చెడ్డకాలం కథలు. నవ్వాలంటే లైసెన్సు కావలసిన ఊరు, వానకి మీటరు పెట్టిన దేశం, పొరుగువాడే వేగులవాడైన వీధి. వాటిని పాత పేపర్లవాడికి తూకానికి వేద్దామనుకున్నాడు. కట్టడానికి పురికొస దొరకలేదు. సొరుగులో ఎర్ర నాడా చుట్ట కనిపిస్తే, ఒక్కో నవలకూ ఇంత చుట్టి మెట్ల మీద పేర్చాడు.

లెక్క తప్పింది అక్కడే. షాపు నడిచిన రోజుల్లో ఎర్ర నాడా అంటే ఆయన సిఫార్సు. తన నిద్ర చెడగొట్టిన పుస్తకానికే దాన్ని చుట్టేవాడు. వాన సాయంత్రాల్లో జనం గొడుగులు ముడిచి, దాని కోసం ఈ మెట్ల మీదే కాచుకునేవారు. ఆయన మరిచిపోయినా వీధి మరిచిపోలేదు.

ముందుగా రిటైరైన నర్సమ్మ ఆగింది. "ఏమయ్యా, మళ్ళీ తెరిచావా? ఎర్ర నాడా కట్టావే!"

"తెరవలేదమ్మా, ఇవి తూకానికి. అన్నీ చీకటి కథలు. నిద్ర పట్టదు మీకు."

"అప్పుడూ ఇదే మాట చెప్పి అంటగట్టేవాడివి. వారంలో తెచ్చిస్తాలే" అంటూ ఆమె వానకి మీటరు పెట్టిన దేశాన్ని సంచీలో వేసుకుంది.

ఆమె దర్జీకి చెప్పింది. దర్జీ కొలతలకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మధ్యాహ్నానికి మెట్ల కింద వరుస.

"బాబూ, చదవకండి! గుండె దడ పుడుతుంది!" అని పుస్తకాలాయన అరిచాడు. వరుస ఇంకా పెరిగింది.

"అసలీ ఏడుపు కథలు ఎందుకర్రా మీకు?" అని విసుక్కున్నాడు.

రెండో పుస్తకానికి వచ్చిన నర్సమ్మ అందుకుంది. "పుస్తకం మూసి తలెత్తితే మన గిన్నెలు మనకున్నాయి, మా ఆయన గురక మాకుంది. ఆ సుఖం ఇంకే కథలో ఉంది?"

"పైగా అందులో నిఘాకి ఒక మనిషి గుమ్మం దాకా నడిచొచ్చేవాడు, మంచినీళ్ళు అడిగేవాడు" అని దర్జీ నిట్టూర్చాడు. "ఇప్పుడా మర్యాదలెక్కడివి?"

తక్కెడతో వచ్చిన పాత పేపర్లవాడు, తక్కెడ కింద పెట్టి తనూ వరుసలో నిలబడ్డాడు.

ఫోన్ల వ్యాపారి వచ్చేసరికి మెట్ల మీద ఒక్కటే మిగిలింది.

"చూశావా బాబూ, అర ఖాళీ!" పుస్తకాలాయన తాళాలు చాచాడు.

అతను తాళాలు చూడలేదు. "చిన్నప్పుడు ఇది అడిగితే 'మీసాలొచ్చాక రా' అని పంపేశారు మీరు" అంటూ మీసం తడుముకున్నాడు. "వచ్చాయండీ."

"తీసుకో. తాళాలు కూడా."

"తాళాలెందుకండీ? ఈ జనమంతా పుస్తకాలు తిరిగివ్వడానికి మళ్ళీ మీ దగ్గరికే కదా వచ్చేది! మీకు ఎదురుగా ఉంటేనే నా ఫోన్లకి గిరాకీ. ఆ షాపుకి ఇప్పుడే మాటిచ్చి వచ్చాను" అని పుస్తకం చంకలో పెట్టుకు వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు పుస్తకాలాయన ఆ మెట్ల మీదే కూర్చుని లెక్క తేల్చాడు. మిగిలినవి: ఖాళీ అర, తాళాలు, వారం తిరిగేసరికి వెనక్కి రానున్న పుస్తకాలు, భార్య మాట తప్పకుండా పంపిన చాప, దిండు.