గురూజీ ఎడమకన్నూ, ఏడుగురు సలహాదారులూ

శిల్పం చెయ్యాలంటే మట్టి కావాలంటారు. శుద్ధ అబద్ధం! మట్టి దొరక్కపోతే సిమెంటుతో చేస్తారు, సిమెంటు లేకపోతే ఫైబరుతో చేస్తారు. సలహా లేకుండా మాత్రం ఈ దేశంలో ఇంతవరకు ఒక్క విగ్రహం కూడా లేచి నిలబడలేదు. ఒకవేళ నిలబడినా దానికి ఎవరూ దండ వెయ్యలేదు.

కాస్త ఆలోచించండి. డాక్టరు మన కడుపు కోస్తుంటే "జర ఎడమకు జరుగుండ్రి సాబ్" అంటామా? రైలు డ్రైవరు భుజం తట్టి "ఇగ బ్రేకు కొట్టు" అంటామా? అనం. పాపం, వాళ్ళు దిక్కులేనివాళ్ళు. తమ పని తామే చేసుకుని, తప్పొస్తే తామే మోసుకుంటారు. కళాకారుడికి ఆ ఒంటరితనం లేదు. ఆయన కుంచె ఎత్తగానే నలుగురొచ్చి నాలుగు వెంట్రుకలూ పట్టుకుంటారు. సమాజం ఒక మనిషిని ఇంతకన్నా నెత్తిన పెట్టుకోగలదా?

నమ్మకపోతే నాందేడ్‌లో ఇత్వారా పేట దాకా వచ్చి దాసు కార్ఖానా చూడండి.

దాసు బొమ్మలు గీస్తాడు, విగ్రహాలు చేస్తాడు. చవితి ముందు గణపతులు, మాహూర్ యాత్రకు పోయే జీపుల వెనక రేణుకమ్మ బొమ్మలు, మిగతా ఏడాదంతా పోయిన పెద్దల తలకాయలు. కార్ఖానాకు మూడు గోడలే. నాలుగో వైపు రోడ్డు. అంటే సలహాదారులకు తలుపు తట్టే శ్రమ కూడా లేదన్నమాట! ఎంత సౌకర్యం!

పాలవాడు సైకిలు ఆపి, గోమాత విగ్రహాన్ని కిందనించి పైదాకా చూసి, "గీ ఆవు పూటకు అర్ధ లీటరు గూడ ఇయ్యదు దాసూ" అని తేల్చేస్తాడు. మంగలి వచ్చి, మాజీ సర్పంచి తలను చుట్టూ తిరిగి చూసి, "గీయనకు కటింగ్ ఎవడు చేసిండు?" అని బాధపడతాడు. ఆటోవాడైతే దిగే పనే పెట్టుకోడు. "పులి తోక సన్నమైంది!" అని అరిచి, గేరు మార్చి వెళ్ళిపోతాడు. వీళ్ళెవరూ పైసా అడగరు. ఇంత ఉచిత విద్య ఏ కాలేజీలో దొరుకుతుంది చెప్పండి!

దాసు భార్య సుందరాబాయికి మాత్రం ఈ భాగ్యం అర్థం కాదు.

"తొవ్వల పోయేటోళ్ళు చెప్పింది అంత ఇంటవు. ఇరవై ఏండ్లసంది నేను ఒక్కటే చెప్తున్న, తలుపు పెట్టియ్యమని. అది ఇన్నవా?"

దాసు తక్కువవాడేం కాదు. సలహాలను మర్యాదగా దాటెయ్యడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. చంటిబిడ్డ ముద్దుగా ఉంటే తల్లి బుగ్గన దిష్టిచుక్క పెడుతుంది కదా? దాసు కూడా మట్టి బొమ్మ పూర్తయ్యాక, కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే ముందు, కావాలనే దానికి ఒక దిష్టి తప్పు పెడతాడు. సేటు జేబు మీద ఒక గుండీ ఎక్కువ. సర్పంచి మీసం ఒక పక్క రెండు వేళ్ళు పొడుగు. వచ్చినవాళ్ళ కళ్ళు సూటిగా దానిమీదే పడతాయి. "తప్పు పట్టిన!" అని ఎగిరి గంతేస్తారు. "మీది మామూలు కన్ను గాదు సేట్" అని దాసు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. తప్పు పోతుంది. వాళ్ళు ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్తారు. అసలు బొమ్మ దాసు చేసింది చేసినట్టే మిగిలిపోతుంది. ఇరవై ఏళ్ళలో ఈ మంత్రం ఒక్కసారీ బెడిసికొట్టలేదు.

అంతలో సంగప్ప గురూజీ పోయారు.

ఉమ్రి పక్కన ఒక పల్లెటూరి బడిలో నలభై ఏళ్ళు డ్రాయింగు చెప్పిన మనిషి ఆయన. పాత విద్యార్థులు ఏడుగురు కలిసి స్మారక సమితి పెట్టారు. బడి ఆవరణలో గురూజీ విగ్రహం నిలపాలని తీర్మానించారు. దాసు కూడా ఆ బడిలోనే చదివాడు కాబట్టి పని ఆయనకే వచ్చింది.

దాసు కూలివాళ్ళ ఇంటి పిల్లవాడు. పలక కూడా సరిగ్గా లేని రోజుల్లో గురూజీ ఆయన చేతిలో ఇంత నల్లమట్టి పెట్టి, "చెయ్యి. తప్పు పోతే నీళ్ళు కొట్టి మళ్ళ చెయ్యి. మట్టి ఎవల్నీ తిట్టది" అన్నారు. అప్పటినించీ దాసు మట్టి వదల్లేదు.

గురూజీకి ఒక అలవాటు ఉండేది. ఏది గియ్యాలన్నా ముందు చెయ్యి బారచాపి, పెన్సిలు నిలబెట్టి, ఎడమకన్ను మూసి కొలత చూసేవారు. నలభై ఏళ్ళు మూసీ మూసీ ఆ రెప్ప సగం మీద అట్లాగే నిలిచిపోయింది. అన్నం తినేటప్పుడూ అంతే, పెళ్ళిలో అక్షింతలు వేసేటప్పుడూ అంతే. "రెండు కండ్లతోటి అందరు చూస్తరు రా. ఒకటి మూసి చూడు, అప్పుడు కొలత దొరుకుతది" అనేవారు పిల్లలతో.

దాసుకు ఆ కన్ను కావాలి. ముక్కు పోనీ, నుదురు పోనీ, ఆ సగం వాలిన రెప్ప మాత్రం విగ్రహంలో ఉండి తీరాలి. అది లేకపోతే అది గురూజీ కాదు. ఆ ఒక్క రెప్ప మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు సుందరాబాయి తొంగిచూసి, "అయ్యో, గురూజీకి చాయ్ పెట్టాల్నా?" అంది. ఇరవై ఏళ్ళలో ఆమె ఇచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

సమితిలో ఉన్నది ఏడుగురు. ఏడుగురికి సరిపడా దిష్టి ఉండాలి. అందుకని దాసు ఈసారి చెవులు పెట్టాడు. మామూలు చెవులా! ఏనుగుకు దూరపు చుట్టంలా పెట్టాడు. ఏడుగురూ చెవుల మీద పడి కొట్టుకుంటుంటే కన్ను క్షేమంగా ఉంటుందని ఆయన లెక్క.

సమితి ఒకే టెంపోలో దిగింది. ముందు అధ్యక్షుడు, బట్టల దుకాణం బాబురావ్ సేట్. వెనక సెక్రెటరీ విలాస్, ఇన్సూరెన్సు ఏజెంటు. ఆ వెనక బ్యూటీపార్లర్ నడిపే శుభాంగి. మిగతావాళ్ళు వరసగా నిలబడ్డారు. దాసు తడిగుడ్డ తీసి, చేతులు కట్టుకుని, చెవుల మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"వాహ్!" అన్నాడు బాబురావ్. "చెవులు జూడుండ్రి! మహాపురుషుల చెవులు గిట్లనే ఉంటయ్. మన గురూజీయి బరాబర్ గివే చెవులు!"

"బిల్కుల్ గివే!" అన్నాడు విలాస్. "నా చెవు పిండేటప్పుడల్ల గంత దగ్గర నుంచి చూసిన నేను."

చెవులు పాసయ్యాయి! మరి ఏడుగురి కళ్ళూ ఇక దేనిమీద పడతాయి?

"గానీ దాసన్నా," అంది శుభాంగి, "గురూజీ కన్ను కొడుతున్నరేంది?"

అంతే! కార్ఖానా కోడిపుంజుల గంప అయిపోయింది. బడి ముంగట కన్నుకొట్టే విగ్రహమా? ఆడపిల్లలు వచ్చిపోయే చోటు! ఎవడన్నా ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే సమితి పరువేం కాను?

"అది కన్ను కొట్టుడు గాదు సేట్, కొలత కన్ను" అన్నాడు దాసు. "గురూజీ గట్లనే చూస్తుండె. యాది లేదా మీకు?"

"కొలత సంగతి నాకు చెప్తవా?" అన్నాడు బాబురావ్. "పొద్దున లేస్తే కొలుసుడే నా పని. మీటరు కట్టెతోటి కొలుస్తం గానీ కన్ను మూసి కొలుస్తమా? కన్ను మూస్తే గిరాకికొచ్చినోడు గుడ్డ ఎత్కపోతడు!"

దాసు ఇరవై ఏళ్ళలో మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు.

"సేట్, మీ కాళ్ళు మొక్కుత. తప్పు చెవులల్ల ఉన్నది. నేనే కావాల్నని పెట్టిన. చెవులు తీసేస్త, కన్ను ఉండనియ్యిండ్రి."

"చెవులకు చెయ్యి పెడితే మంచిగుండది!" అని ఏడుగురూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ సమితి ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు.

అప్పుడు వెనకనించి ఏడో సభ్యుడు, అంతసేపూ సొంతంగా ఒక్క సలహా కూడా ఇవ్వనివాడు, గొంతు సవరించుకున్నాడు. "రెండు కళ్ళూ బాగా తెరిపించి, పైన కళ్ళజోడు పెట్టెయ్యండి. ఏ గొడవా ఉండదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బంగారంలాంటి సలహా!

ఇక దండయాత్ర మొదలైంది. కళ్ళజోడు వచ్చింది. జేబులో పెన్సిలు మరీ చిన్నపిల్లల వ్యవహారమని దాని చోట పెన్ను వచ్చింది. భుజం మీదికి శాలువా వచ్చింది. అంత చెవులకు ఆ తల చాలదని తల పెరిగింది, ఆ తలకు తగ్గట్టు మెడ లావయింది. అసలు గురూజీ మెడ కోడి మెడలా ఉండేదని ఎవరికీ గుర్తులేదు.

దాసు చేసిన దొంగపని ఒకటే. ఈ మార్పులేవీ చెయ్యకముందే, ఆ రోజు సమితి టెంపో కదలగానే కార్ఖానా ముందు గోనెపట్టా కట్టి, చెవులు మామూలుగా సవరించి, ఆ మట్టి ముఖానికి ప్లాస్టరు అచ్చు తీసుకున్నాడు. అందులోనించి ఒక తల పోసి, మూలన దాచి, పైన గోనె కప్పాడు. తర్వాత కొత్త మట్టితో సమితి గురూజీని మొదలుపెట్టాడు. చూశారా సలహా మహిమ! సలహా లేకపోతే ఒక్క గురూజీయే ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు!

ఆవిష్కరణ నాడు షామియానా, మైకు, పూలదండలు, పెద్దల ఉపన్యాసాలు. ముఖ్య అతిథి ముసుగుగుడ్డ లాగాడు. రాలేదు. చెవులకు తట్టుకుంది! ఇద్దరొచ్చి చెరో చెవినించి తప్పిస్తే గురూజీ బయటపడ్డారు. చప్పట్లు మోగాయి.

ముందు వరసలో గురూజీ భార్య విద్యావతమ్మ కూర్చుంది. విగ్రహాన్ని చూసి లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని, పరాయి మగవాళ్ళ ఎదుట కప్పుకున్నట్టు నుదుటి దాకా కప్పుకుని, చేతులు జోడించింది. తర్వాత పక్కనున్న బాబురావ్‌ను మెల్లగా అడిగింది.

"ఎవరు బిడ్డా గీ పెద్దమనిషి? గీయనది అయినంక మా ఆయన బొమ్మ తీస్తరా?"

"గీయనే మన గురూజీ అమ్మా!"

ఆమె ఇంకోసారి చూసింది. "అట్లనా. మంచిగున్నరు" అని కూర్చుంది. కొంగు మాత్రం తీయలేదు.

షామియానా గుంజ పక్కన నిలబడ్డ దాసు ఆ మాట విన్నాడు. గురూజీకి తను చేసిన ద్రోహం అదేనని, ఆ గుంజకే తల ఆనించి ఏడ్చాడు. పూలదండ ఎటు వైపు వంకరగా ఉందో చెబుతూ ఏడుగురూ బిజీగా ఉన్నారు కాబట్టి ఆ ఏడుపు మీద ఎవరూ సలహా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున దాసు స్వయంగా పోయి విద్యావతమ్మను ఇత్వారాకు తీసుకొచ్చాడు. సుందరాబాయి కుర్చీ వేసింది. దాసు మూలకు పోయి గోనె తీశాడు.

ప్లాస్టరు తెల్లగా ఉంది. ఎడమ రెప్ప సగం వాలి ఉంది.

విద్యావతమ్మ కుర్చీలో కూర్చోలేదు. తల మీది కొంగు జారిపోయింది, దాన్ని పట్టించుకోలేదు. దగ్గరికి వెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"గిక్కడ కూసున్నవా? ఊరంత దండలు పట్టుకొని నిన్ను దేవులాడుతున్నరు, నువ్వు గిక్కడ మూలకు కూసున్నవా?" అంది. "ఎందుకట్ల చూస్తవ్? కూరల ఉప్పు తక్కువైందని గిట్లనే చూస్తుంటివి. ఏనాడన్న నోరిడిచి చెప్పినవా?"

అంటూనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. జారిన కొంగుతోనే ఆ ముక్కు మీది ప్లాస్టరు పొడి తుడిచింది. దాసు, సుందరాబాయి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక రోడ్డు వైపు తిరిగారు.

రోడ్డు మీద నేనున్నాను.

నేనెందుకున్నానంటారా? ఆ ఏడో సభ్యుణ్ణి నేనే కదండీ! కళ్ళజోడు సలహా నాదే. ఆవిష్కరణ అయిపోయినా శాలువా మడతల గురించి ఇంకో సలహా తోచి, ఆలస్యం చేస్తే సలహా చల్లారిపోతుందని పరిగెత్తుకొచ్చాను. గురూజీ నన్నూ డ్రాయింగులో కూర్చోబెట్టి "ఒక కన్ను మూసి చూడు రా" అని ఎన్నోసార్లు చెప్పారు. నేను రెండూ మూసేవాణ్ణి. నిద్ర బాగా పట్టేది.

ఆ పొద్దున ఏమైందో తెలియదు, ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. చూశాను. ముక్కు ఉండాల్సిన చోట ఉంది. మెడ కోడి మెడే. చెవులు చిన్నవి. నోరు తెరిచాను. అందులోనించి ఏమీ రాలేదు.

"ఏంది సాబ్, ఏమన్న చెప్పేదున్నదా?" అని దాసు భయం భయంగా అడిగాడు.

"ఏం లేదు" అన్నాను. ఆ మాటకు ఆయన ఇంకా భయపడ్డాడు.

నిజం చెప్పాలంటే నేనూ భయపడుతున్నాను. ఇది జరిగి మూడు రోజులైంది. మా ఇంటి ముందు మున్సిపాలిటీవాళ్ళు గొయ్యి తవ్వుతుంటే నిలబడి ఊరికే చూసి వచ్చేశాను. మా ఆవిడ కూర పెడితే గమ్మున తిన్నాను. పాలవాడి ఆవు గురించి కూడా నాకేం తోచడం లేదు. దానికితోడు ఎడమ రెప్ప సరిగ్గా పైకి లేవడం లేదు. మంచి డాక్టరెవరైనా మీకు తెలిస్తే, దయచేసి ఒక సలహా చెబుదురూ!