అత్తగారి టేపు విప్పిన అల్లుడు

ఆ ఆదివారం పొద్దున అల్లుడు పెట్టుకున్నది చిన్న పనే. మధ్యాహ్నం మామగారు వచ్చి తన పాత కారు తాళం అతని చేతిలో పెట్టేలోపు, అందులో ఫోను పాటలు మోగేలా చెయ్యాలి. కడిగించమని రెండో తాళం ఇచ్చి, కారును ముందురోజే వాకిట్లో వదిలి వెళ్లారు మామగారు. ఇస్తానన్నారు గానీ, మాట మార్చడంలో ఆయనకు ఆయనే సాటి. పోయినేడు మంచం ఇస్తానని మోసుకొచ్చి, దాని కాళ్లు నేలకు ఆనకముందే వెనక్కి పట్టుకుపోయిన మనిషి.

అల్లుడు మిక్సీలు బాగుచేస్తాడు. తిరిగేది ఏదైనా అతని లెక్కలో మిక్సీయే.

"ఇంకా మన చేతికి రాని కారండీ. అప్పుడే దాని పొట్ట విప్పడమెందుకు?" అంది భార్య.

"తాళం తీసుకున్న దగ్గర్నుంచీ మీ అమ్మ పాటలే వినమంటావా?"

అదీ సంగతి. ఆ కారుకు కంపెనీ వాళ్లు బిగించిన టేపురికార్డరు క్యాసెట్టు తప్ప ఇంకేమీ తినదు. క్యాసెట్టు ఒక్కటే ఉంది. అందులో అత్తగారు స్వయంగా పాడిన పాటలు. ఏళ్ల తరబడి మామగారు మరొకటి పెట్టలేదు. పాట ఎత్తుకోగానే ఆయన కళ్లు చెమర్చేవి. చూసినవాళ్లు "అదీ కాపురమంటే" అనుకునేవారు.

అల్లుడు పెట్టెను బయటికి లాగి, క్యాసెట్టు నుంచి పాట మోసుకొచ్చే తీగలను పట్టుకుని, వాటికి ఫోను తీగ అతికించాడు. చప్పుడు లేదు. లోపల క్యాసెట్టు తిరుగుతుంటే తప్ప పెట్టె నోరు విప్పదని కాసేపటికి అర్థమైంది. పాట లేని ఉత్త క్యాసెట్టు తిరిగినా చాలు. ఇంట్లో ఉత్తది లేదు. అందుకని అత్తగారి క్యాసెట్టు మరలు విప్పి టేపు లాగాడు. అది వచ్చింది, వచ్చింది, కారు చుట్టూ తిరిగింది, బట్టలారేసే తీగ ఎక్కి దిగింది, గేటు దాకా పాకింది. అప్పటికి అత్తగారి రెండో పాట కూడా అయిపోయి ఉండదు.

మొత్తానికి ఖాళీ క్యాసెట్టును పెట్టెలో పెట్టి తిప్పేసరికి, కారు నాలుగు తలుపుల్లోంచీ ఫోను పాట దడదడలాడింది. వంటింట్లోంచి వచ్చిన భార్య, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా కొయ్యబారిపోయింది.

"అది అమ్మ గొంతండీ."

"తర్వాత చుట్టేస్తాలే."

ఆ మాట పూర్తికాకుండానే గేటు ముందు ఆటో ఆగింది. మధ్యాహ్నం రావలసిన మామగారు, అత్తగారితో సహా దిగారు. భార్య టేపునంతా చేపల వలలా చుట్టబెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తి, ఒక మిక్సీ జారులో కుక్కి మూత పెట్టింది. అత్తగారు ఆమె వెనకే వంటింట్లోకి నడిచారు. మామగారు తిన్నగా వచ్చి కార్లో కూర్చున్నారు. అల్లుడు పక్కన కూర్చుని, వేలాడుతున్న ఫోను మీద తువ్వాలు కప్పాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నాలుగు తలుపులూ ఒక్కసారి గొల్లుమన్నాయి. మామగారు ఉలిక్కిపడి టేపురికార్డరు గొంతు పూర్తిగా తగ్గించేశారు. అల్లుడు తువ్వాలు కింద చెయ్యి దూర్చి, ఏదో నొక్కాడు. ఆపాననుకున్నాడు. నిజానికి ఎత్తాడు.

"మీ అత్తయ్య పాట ఏది?" అన్నారు మామగారు.

అల్లుడికి కారు గేటు దాటి పోతున్నట్టే కనిపించింది. "తీసేశాను మావయ్యా. టేపంతా లాగేశాను."

మామగారు అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నారు.

"నిజంగానా? మళ్లీ రాదుగా?"

ఈసారి కొయ్యబారడం అల్లుడి వంతయింది.

"కారు నీకెందుకిస్తున్నాననుకున్నావు నాయనా? ఆ పాటలు వదిలించుకుందామనే. మీ అత్తయ్య క్యాసెట్టు పెట్టిన రోజున తియ్యడానికి ధైర్యం చాల్లేదు. తర్వాత వంక దొరకలేదు."

"మరి ఆ కళ్లనీళ్లు?"

"ఆ పైశ్రుతి చెవి పక్కన ఎత్తుకుంటే నీకూ వస్తాయి. ఏమనుకోకు, ఇక ఈ కారు నేనే ఉంచుకుంటాను. ఏదీ, నీ పాట వినిపించు." అంటూ ఆయన టేపురికార్డరు గొంతు మళ్లీ పైదాకా పెంచారు.

"వింటున్నాను. ఇంకా ఏమైనా మిగిలిందా?" అంది కారు, అత్తగారి గొంతుతో.

మామగారు వెనక సీటు చూశారు. సీటు కింద చూశారు. నెమ్మదిగా తువ్వాలు ఎత్తి ఫోను చూసి, మళ్లీ కప్పేశారు.

జారు జోలికి వెళ్లిన అమ్మను ఎలా ఆపాలో అడుగుదామని కూతురు చేసిన ఫోను అది. ఇప్పుడు కూతురి ఫోను అత్తగారి చేతిలో ఉంది. రెండో చేతిలో జారు. మూత కింది నుంచి టేపు జీరాడుతుండగా ఆవిడ వాకిట్లోకి వచ్చి, మామగారి పక్క సీటు ఖాళీ చేయించి కూర్చున్నారు.

"కారు మనతోనే ఉంటుందండీ. టేపు పోతే పోయింది, గొంతు నా దగ్గరే ఉంది. పోనివ్వండి, పాడతాను."

అని టేపురికార్డరులోంచి ఖాళీ క్యాసెట్టు లాగి, జారుతో పాటు కిటికీలోంచి అందించారు. "అల్లుడూ, విప్పింది నువ్వు. చుట్టాల్సిందీ నువ్వే."

సాయంత్రం తన మిక్సీల కొట్లో అల్లుడు క్యాసెట్టు కన్నంలో పెన్సిలు పెట్టి తిప్పుతూ కూర్చున్నాడు. కారు దక్కలేదు గానీ, పాటలన్నీ అతనికే దక్కాయి.